లైబ్రరీలో ఏ పుస్తకం ఉండాలో ఎవరు చెప్తారు? వరంగల్, హనుమకొండ పాఠకులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

కొన్నేళ్లు ఒక శాఖా గ్రంథాలయంలో రోజుకూలీ లెక్కన పనిచేశాను. కట్టలు విప్పడం, ముద్ర వేయడం, నంబర్లు రాయడం, సాయంత్రం పేపర్లు మడతపెట్టి పెట్టడం నా పని. ఆ పని పోయి చాలా రోజులైంది గానీ ప్రశ్నలు మాత్రం పోలేదు. టీ కొట్టు దగ్గర, పెళ్లిలో, ఫోన్‌లో, ఎక్కడ కలిసినా అవే. "ఫలానా పుస్తకం ఎందుకు లేదన్నా? ఈ నాయకుడి పుస్తకం ఇన్ని ఎందుకున్నయ్? ఎవరు పెట్టిస్తరు, ఎవరు తీయిస్తరు?" ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసి పెడుతున్నా. ఏ ప్రశ్న కావాలంటే నేరుగా అక్కడికి వెళ్లి చదువుకోండి. మధ్యలో నా సొంత అభిప్రాయాలు కూడా దూరుతుంటాయి, ముందే చెప్తున్నా.

## పుస్తకం లోపలికి రాకముందు

అసలు పుస్తకాలు ఎంచేది ఎవరు? లైబ్రేరియన్ కాదా?

చాలామంది అనుకునేది అదే, కానీ శాఖా గ్రంథాలయంలో కూర్చున్న లైబ్రేరియన్ చేతిలో ఉండేది చాలా తక్కువ. మన పౌర గ్రంథాలయాలు నడిచేది 1960 నాటి చట్టం కింద. మద్రాసు రాష్ట్రంలో 1948లో వచ్చిన చట్టాన్ని, హైదరాబాద్ రాష్ట్రంలో 1955లో వచ్చిన చట్టాన్ని కలిపి ఆంధ్రప్రదేశ్ చేసుకున్న చట్టం అది, రాష్ట్రం విడిపోయాక తెలంగాణ దాన్నే తీసుకుంది. దాని ప్రకారం జిల్లాకొక గ్రంథాలయ సంస్థ ఉంటుంది. కొత్త పుస్తకాల విషయానికొస్తే మామూలుగా పౌర గ్రంథాలయ శాఖ ప్రకటన ఇస్తుంది, రచయితలు, ప్రచురణకర్తలు నమూనా కాపీలు పంపుతారు, ఒక ఎంపిక కమిటీ చూసి జాబితా తయారు చేస్తుంది, దాని మీద కొనుగోలు జరుగుతుంది. ఊళ్లో ఉన్న లైబ్రేరియన్‌కు చివరికి చేరేది కట్ట, దాంతోపాటు ఒక జాబితా. రెండూ టిక్కు పెట్టి సరిచూసుకోవడమే ఆయన ఎంపిక.

గ్రంథాలయ సంస్థ ఛైర్మన్ పార్టీ మనిషే కదా. మరి పుస్తకాలు కూడా పార్టీవే వస్తాయా?

మొదటి మాట నిజం. జిల్లా గ్రంథాలయ సంస్థ ఛైర్మన్ నామినేటెడ్ పోస్టు. ఎన్నికల్లో టికెట్ రాని వాళ్లకు, పార్టీ కోసం తిరిగిన వాళ్లకు ఇచ్చే పదవుల్లో ఇదొకటని ఇక్కడ అందరికీ తెలుసు, ఎవరూ దాచరు కూడా. ప్రభుత్వం మారితే ఛైర్మన్ మారతాడు. 2016లో పాత వరంగల్ జిల్లా ముక్కలై జిల్లాలు పెరిగాక ఇలాంటి కుర్చీలూ పెరిగాయి.

రెండో మాట అంత నేరుగా ఉండదు. ఏ ఛైర్మనూ కూర్చుని "ఈ నవల వద్దు, ఆ కవిత్వం కావాలి" అని జాబితా దిద్దడం నేను చూడలేదు. నిజం చెప్పాలంటే నేను చూసిన వాళ్లలో చాలామందికి పుస్తకాల మీద అంత పట్టింపు లేదు. వాళ్ల దృష్టంతా భవనం, ప్రారంభోత్సవం, శిలాఫలకం మీద పేరు, నవంబర్ 14 నుంచి 20 దాకా జరిగే వారోత్సవాల్లో స్టేజీ మీద ఉంటుంది. పలుకుబడి ఇంకో దారిలో పనిచేస్తుంది. సమావేశంలో బడ్జెట్ ఆమోదించేది ఆయన ముందే, కార్యదర్శి రోజూ పని చేయాల్సింది ఆయనతోనే. దాంతో ఎవరూ చెప్పకముందే "సారుకు ఇది నచ్చదేమో" అని కింది వాళ్లు ముందే పక్కన పెట్టేస్తారు. ఏ కాగితం మీదా దానికి ఆనవాలు ఉండదు.

రామ్మోహన్ రాయ్ ఫౌండేషన్ పుస్తకాలు అంటారు. అవి ఢిల్లీ నుంచి వస్తాయా? అందులో రాజకీయం ఉండదా?

ఢిల్లీ కాదు, కోల్‌కతా. రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ 1972లో, ఆయన పుట్టి రెండు వందల ఏళ్లయిన సందర్భంగా పెట్టింది, కేంద్ర సాంస్కృతిక శాఖ కింద ఉంటుంది. రెండు దారుల్లో పుస్తకాలు వస్తాయి. ఒకటి, రాష్ట్రం కొంత డబ్బు పెడితే దానికి జోడుగా వాళ్లు కొంత ఇస్తారు, ఆ పుస్తకాలను రాష్ట్ర స్థాయి కమిటీ ఎంచుతుంది. రెండోది, ఫౌండేషన్ తన సొంత కమిటీతో ఎంచి తానే కొని పంపేది. అంటే ఒక దారిలో ఇక్కడి ప్రభుత్వం నీడ ఉంటుంది, ఇంకో దారిలో కేంద్ర ప్రభుత్వం నీడ. నా అనుభవంలో ఆ కట్టల్లో మంచివీ ఉండేవి, మా ఊళ్లో ఒక్కరూ ముట్టని హిందీ పుస్తకాలూ ఉండేవి. మరీ లావుగా ఉన్న హిందీ గ్రంథం ఒకటి ఫ్యాన్ గాలికి పేపర్లు ఎగరకుండా బరువు పెట్టడానికి బాగా పనికొచ్చింది.

నేను రచయితను. నా పుస్తకం లైబ్రరీల్లోకి వెళ్లాలంటే ఎవరినైనా పట్టుకోవాలా?

అవసరం లేదనే చెప్పాలి, కానీ చాలామంది పట్టుకుంటారు. శాఖ నుంచి ప్రకటన వచ్చినప్పుడు గడువులోపు అడిగినన్ని కాపీలు, అడిగిన కాగితాలతో పంపండి. ఆ ప్రకటన ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, మధ్యలో ఏళ్లు గడిచిపోవచ్చు, కాబట్టి ఒక కన్నేసి ఉంచాలి. ధర విషయంలో మీ మాట చెల్లదు. పేజీల లెక్కన వాళ్లు వేసిన రేటే. బిల్లు వచ్చేదాకా ఓపిక పట్టాలి, ఇది మా దగ్గరి రచయితలందరి పాత బాధ.

ఇంకొక మాట. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం కాపీ ప్రచురణకర్త తన ఖర్చుతో 30 రోజుల్లోపు కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని మూడు గ్రంథాలయాలకు పంపాలి. అక్కడ ఎంపికా లేదు, కమిటీ లేదు. మీ పుస్తకం ఏ ప్రభుత్వానికి నచ్చకపోయినా అక్కడ దాని కాపీ ఉంటుంది. మన చిన్న ప్రచురణకర్తలు ఇది పంపనే పంపరు, ఎందుకో అర్థం కాదు.

ఎమ్మెల్యే గారు పుట్టినరోజుకు పుస్తకాలు ఇస్తానంటే వద్దనాలా?

ఎందుకు వద్దనాలి? గ్రూప్స్‌కు చదివే పిల్లలకు కావలసిన పుస్తకాలు అలా వచ్చినవే మా దగ్గర ఎక్కువగా నలిగాయి. కానీ రెండు చూసుకోండి. కవర్ మీద ఆయన ఫొటో స్టిక్కర్ అంటిస్తామంటే లోపలి పేజీలో "దాత" అని పేరు రాస్తామని మర్యాదగా చెప్పండి. పది పుస్తకాల మధ్యలో ఆయన జీవితచరిత్ర కాపీలు ఇరవై పెట్టి పంపితే ఒకటి ఉంచుకుని మిగతావి తిప్పి పంపే ధైర్యం లైబ్రేరియన్‌కు ఉండదు, పాఠకులు అడిగితే మాత్రం తిప్పి పంపడానికి లైబ్రేరియన్‌కు ఒక సాకు దొరుకుతుంది.

## డబ్బు సంగతి

ఇంటి పన్ను రసీదులో గ్రంథాలయ పన్ను అని ఉంది. అది నిజంగా పుస్తకాలకే పోతుందా?

పోవాలి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. అంటే వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇంటి నుంచి 80 రూపాయలు. పంచాయతీ, మున్సిపాలిటీ, కార్పొరేషన్ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలు బాగానే జరుగుతుంది, జమ చేయడం దగ్గరే ఆగుతుంది. రోడ్డుకో, జీతాలకో, కరెంటు బిల్లుకో ఆ డబ్బు వాడేసి "తర్వాత ఇస్తాం" అంటారు. బకాయిలు కోట్లలో పేరుకుపోయాయని పేపర్లలో ఏటా ఒకసారి వార్త వస్తుంది, తర్వాత మళ్లీ ఏడాది నిద్ర.

ఇందులో రాజకీయం ఏముందంటారా? ఉంది. సొంత డబ్బున్న సంస్థ తనకు కావలసింది తాను కొనుక్కోగలదు. డబ్బు లేనిది పైనుంచి ఏది వస్తే అది తీసుకుంటుంది, ఎవరు దానం చేస్తే వాళ్లకు దండం పెడుతుంది. మన లైబ్రరీలు రెండో రకంలో పడి చాలాకాలమైంది.

ఒకే పుస్తకం పది, పన్నెండు కాపీలు ఎందుకుంటాయి? మిగతావి ఒక్కటి కూడా ఎందుకుండవు?

ఇది నేను కళ్లారా చూసిందే చెప్తా. ఒక ఏడాది మా శాఖకు కట్ట వచ్చింది, సుతిలితో గట్టిగా బిగించి ఉంది. విప్పితే ఒకే నాయకుడి మీద పొగడ్తల పుస్తకం పన్నెండు కాపీలు. మందమైన ఆర్టు పేపరు, పేజీకొక రంగుల ఫొటో, అట్ట వాసన ఇంకా పోలేదు. మా లైబ్రేరియన్ మేడమ్ అద్దాలు పైకి జరిపి చూసి, "రిజిస్టర్‌లో ఎక్కియ్యి బాబూ, పన్నెండుకు పన్నెండు నంబర్లు" అన్నారు. ఎక్కించా. రెండు అల్మారాలో పెట్టి, మిగతా పది మెట్ల కింద పెట్టాం.

మూడేళ్ల తర్వాత నేను మానేసే ముందు ఆ రెండూ తీసి వెనక అట్ట లోపల అంటించిన తేదీల చీటీ చూశా. ఒకదాని మీద ఒక్క తేదీ కూడా లేదు. రెండోదాని మీద ఒకటుంది, అది కూడా మా అటెండర్ కొడుకు ఫొటోలు కత్తిరించుకోవడానికి తీసుకెళ్లింది. అదే బీరువాలో కాళోజీ కవిత్వం కాపీ ఒకటే ఉంది, దాని చీటీ నిండిపోయి మీద ఇంకో చీటీ, దాని మీద మూడోది అంటించి ఉంది, కుట్టు ఊడి దారాలు వేలాడుతున్నాయి. ఇంకో కాపీ కావాలని మేడమ్ రెండుసార్లు రాశారు. రాలేదు.

కారణం మామూలుదే. పెద్ద సంఖ్యలో కొనిపిస్తే ప్రచురించిన వాళ్లకు లాభం, నాయకుడికి సంతోషం. చిరిగిన పుస్తకానికి బదులు ఇంకో కాపీ కొంటే ఎవరికి పేరొస్తుంది?

## అల్మారాలోకి వచ్చాక

తెలంగాణ వచ్చాక తెలంగాణ పుస్తకాలు ఒక్కసారిగా పెరిగాయి. అది కూడా రాజకీయమే కదా?

అవును, రాజకీయమే. అంతకు ముందు అవి లేకపోవడం కూడా రాజకీయమే. ఈ ప్రశ్న అడిగే వాళ్లు రెండో సగం మర్చిపోతుంటారు.

తెలంగాణలో కవులే లేరని ఒకప్పుడు అన్నారని, దానికి జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారని ఇక్కడ బడిపిల్లలకు కూడా తెలుసు. ఉమ్మడి రాష్ట్రంలో పుస్తక పరిశ్రమ చాలావరకు విజయవాడ చుట్టూ ఉండేది, లైబ్రరీల్లోకి వచ్చేదీ అక్కడ అచ్చయ్యేదే. ఎవరో కుట్ర చేశారని నేననను. ప్రెస్సు ఎక్కడుంటే కమిటీలకు పరిచయాలు అక్కడే ఉంటాయి, అంతే. ఫలితం మాత్రం మన అల్మారాల్లో కనిపించేది. కాబట్టి 2014 తర్వాత లెక్క సరిచేయడం న్యాయమే.

తేడా వచ్చింది తర్వాత. ఉద్యోగ పరీక్షల్లో తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం ఒక పేపరే అయింది. దాంతో ఉద్యమం మీద పుస్తకాలు వరదలా వచ్చాయి. కొన్ని నిజంగా ఆర్కైవులు తిరగేసి, ఊళ్లు తిరిగి రాసినవి. చాలావాటిలో మాత్రం ఒకే కథ, ఒకే నాయకుడు, ఒకే తేదీల పట్టిక. 1969లో కాల్పుల్లో చనిపోయిన పిల్లలు, ఓరుగల్లు వీధుల్లో తిరిగిన విద్యార్థులు, కాకతీయ యూనివర్సిటీ హాస్టళ్లు, సింగరేణి కార్మికులు ఒక పేరాలో అయిపోతారు. ప్రభుత్వం మారాక ఇంకో రకం పుస్తకాలు వస్తాయి, అందులో ఇంకో నాయకుడు. నాకు పాత దానితోనూ కొత్త దానితోనూ పేచీ లేదు, రెండూ పక్కపక్కన ఉండాలి. ఒకటి వచ్చిందని ఇంకోటి మెట్ల కిందికి పోతేనే బాధ.

ప్రభుత్వం మారితే పాత ముఖ్యమంత్రి మీది పుస్తకాలు తీసేస్తారా?

తీసేయమని ఆర్డర్ వచ్చినట్టు నేనైతే చూడలేదు. గోడ మీది ఫొటో మాత్రం మర్నాడే మారుతుంది. పుస్తకాలు ముందు వరుస నుంచి వెనక వరుసకు, అక్కడి నుంచి తాళం వేసిన బీరువాకు వాటంతటవే జరుగుతాయి. రిజిస్టర్‌లో నంబర్ ఉంది కాబట్టి అడిగితే ఇచ్చి తీరాలి. అడగండి.

మా ఊరి లైబ్రరీలో ఫలానా పేపర్ రావడం మానేసింది. ఇది పార్టీ పనేనా?

కావచ్చు, కాకపోవచ్చు. మన దగ్గర ఏ పేపర్ ఏ పార్టీదో చిన్నపిల్లలకు కూడా తెలుసు, అందుకే పేపర్ ఆగిన రోజే అనుమానం మొదలవుతుంది. నిజానికి చాలాసార్లు కారణం ఏజెంటుకు నెలల తరబడి బిల్లు కట్టకపోవడం. కాబట్టి ముందు అడగాల్సింది ఒక్క పేపరే ఆగిందా, అన్నీ ఆగాయా అని. అన్నీ ఆగితే బిల్లు. ఒక్కటే ఆగి, అదే నెలలో పక్క మండలంలో కూడా అదే ఆగితే అప్పుడు ఆలోచించాలి.

బాహాటంగా జరిగిన ఉదాహరణ కావాలంటే పశ్చిమ బెంగాల్ చూడండి. 2012 మార్చిలో అక్కడి ప్రభుత్వం, తన సాయం తీసుకునే లైబ్రరీలన్నీ తాను చెప్పిన ఎనిమిది పేపర్లే కొనాలని ఉత్తర్వు ఇచ్చింది. బాగా అమ్ముడయ్యే పెద్ద పేపర్లు అందులో లేవు, ఇంగ్లీషు పేపర్ ఒక్కటీ లేదు. గోల అయ్యాక ఇంకో ఐదు చేర్చారు. అక్కడ కాగితం మీద పెట్టారు కాబట్టి జనం ప్రశ్నించగలిగారు. నోటిమాటగా "ఆ పేపర్ అక్కర్లేదులే" అంటే పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

లైబ్రరీ అంతా ఉద్యోగాల పుస్తకాలే. కథలు, నవలలు ఎక్కడ?

రీడింగ్ రూమ్‌లో పొద్దున ఎనిమిదికి టిఫిన్ బాక్స్, వాటర్ బాటిల్‌తో వచ్చి రాత్రి దాకా కూర్చునే పిల్లలదే ఇప్పుడు లైబ్రరీ. వాళ్లు ఓటర్లు, గొంతున్న వాళ్లు, నాయకులు వాళ్ల మాట వింటారు. నవల కోసం వచ్చే రిటైర్డ్ మాస్టారు ఒక్కడు, ఆయన ఎవరినీ అడగడు. ఒత్తిడి ఎటు ఉంటే డబ్బు అటు పోతుంది, ఇది పార్టీ రాజకీయం కంటే పెద్ద విషయమని నా ఉద్దేశం. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. అర్ధరాత్రి దాకా చదివి కరెంట్ పోతే ఫోన్ లైటేసుకుని చదివిన వాళ్లను చూశా. కానీ నోటిఫికేషన్ మారితే ఆ పుస్తకాలు ఏడాదిలో పాతబడతాయి, నవల పాతబడదు.

ములుగు, ఏటూరునాగారం వైపు కోయ భాషలో, తండాల్లో లంబాడా భాషలో పుస్తకాలు ఎందుకుండవు?

ఎవరూ అడ్డుకోవడం లేదు. అందుకే ఇది ఇంకా కష్టం. ఆ భాషల్లో అచ్చయ్యేవే తక్కువ, అచ్చయినవి కమిటీ ముందుకు పంపే ప్రచురణకర్త ఉండడు, పంపినా చదివి చెప్పగలిగే వాళ్లు కమిటీలో ఉండాలి కదా. ఉర్దూ సంగతి వేరు. ఒకప్పుడు ఇక్కడి పాత లైబ్రరీల్లో ఉర్దూ పుస్తకాలు బాగానే ఉండేవి. చదివే వాళ్లు తగ్గారంటారు, కొత్తవి తెప్పించడం మానేస్తే తగ్గక ఏమవుతారు?

ఎన్నికల కోడ్ వస్తే నాయకుల పుస్తకాలు దాచేస్తారా?

పోస్టర్లు, క్యాలెండర్లు, నాయకుల ఫొటోలు తీసేస్తారు లేదా కప్పేస్తారు. ప్రభుత్వ పథకాల ప్రచార బుక్‌లెట్లు పంచడం ఆపాలి. అల్మారాలో ఉన్న పుస్తకం ప్రచారం కిందికి రాదు. ఒకసారి మా అటెండర్ అన్న జాగ్రత్త ఎక్కువై గోడ మీది గాంధీ గారికి కూడా పేపర్ అంటించాడు.

## తీసేయమన్నప్పుడు

పుస్తకాన్ని నిషేధించే అధికారం ఎవరికుంది?

రాష్ట్ర ప్రభుత్వానికి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో సెక్షన్ 95, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో అమల్లో ఉన్న కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 98. గెజిట్ నోటిఫికేషన్ ఇవ్వాలి, అందులో కారణాలు రాయాలి. కారణాలు రాయని ఉత్తర్వు చెల్లదని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. నోటిఫికేషన్ వచ్చాక రెండు నెలల్లోపు, ఆ పుస్తకంతో సంబంధం ఉన్న ఎవరైనా హైకోర్టుకు వెళ్లొచ్చు, ముగ్గురు జడ్జీల బెంచ్ వింటుంది. జమ్మూ కాశ్మీర్‌లో 2025 ఆగస్టులో ఒకే దెబ్బకు 25 పుస్తకాల మీద ఇలాంటి ఉత్తర్వు వచ్చింది, తర్వాత పోలీసులు పుస్తకాల షాపుల్లో వెతికారు.

ఇంకో దారి కస్టమ్స్ శాఖది, విదేశీ పుస్తకం దిగుమతి ఆపడం. సల్మాన్ రష్దీ నవల మీద 1988లో వచ్చింది అదే. దాని మీద ఢిల్లీ హైకోర్టులో కేసు నడిస్తే, 2024 నాటికి ఆ నోటిఫికేషన్ కాగితమే అధికారులకు దొరకలేదు, ఇక అది లేనట్టే అనుకోవాలని కోర్టు తేల్చింది. ముప్పై ఆరేళ్లు అందరూ భయపడింది దొరకని కాగితానికి!

ఒక కార్పొరేటర్ ఫోన్ చేసి "ఆ పుస్తకం తీసెయ్" అంటే లైబ్రేరియన్ తీసేయాలా?

చట్టం ప్రకారం అక్కర్లేదు. గెజిట్‌లో నిషేధం లేని పుస్తకాన్ని కార్పొరేటర్, సర్పంచ్, ఎస్సై, ఛైర్మన్ ఎవరు చెప్పినా తీయాల్సిన పని లేదు. యునెస్కో పౌర గ్రంథాలయ ప్రకటన కూడా పుస్తక సేకరణ మీద రాజకీయ, మత, భావజాల సెన్సార్ ఉండకూడదంటుంది. చెప్పుకోవడానికి బాగుంటుంది.

జరిగేది వేరు. లైబ్రేరియన్‌కు బదిలీ భయం, ఔట్‌సోర్సింగ్ వాళ్లకు పని పోయే భయం. మా దగ్గర ఒకాయన నేర్చుకున్న ఉపాయం చెప్తా. ఫోన్ వస్తే "తప్పకుండా సార్, రాతపూర్వకంగా ఒక లెటర్ పంపండి, ఫైల్‌లో పెట్టి పైకి రాస్తా" అనేవాడు. లెటర్ ఎప్పుడూ రాలేదు. పుస్తకం ఉన్న చోటే ఉంది.

విప్లవ సాహిత్యం లైబ్రరీలో ఉంటే, నేను ఇంటికి తెచ్చుకుంటే కేసు అవుతుందా?

వరంగల్‌లో ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. 1966లో ఇక్కడ మొదలైన సృజన సాహిత్య పత్రిక సంచికలు కొన్ని నిషేధానికి గురయ్యాయి. 2005 ఆగస్టులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విప్లవ రచయితల సంఘాన్ని (విరసం) నిషేధించింది, నవంబర్‌కల్లా ఆ నిషేధం పోయింది. 2021లో తెలంగాణ ప్రభుత్వం 16 సంఘాల మీద ఉత్తర్వు ఇచ్చింది, అందులోనూ విరసం పేరుంది, కొన్ని నెలల్లోనే వెనక్కి తీసుకుంది. ఇన్నిసార్లు ఇలా జరిగాక ఇంట్లో పుస్తకం చూస్తే తల్లులు దాచేస్తారు, దాచరా మరి. ఎనభైల్లో, తొంభైల్లో పుస్తకాలు బావుల్లో పడేసిన ఇళ్లు ఈ జిల్లాలో చాలా ఉన్నాయి.

చట్టం మాట ఇది. సంఘాన్ని నిషేధించడం వేరు, పుస్తకాన్ని నిషేధించడం వేరు. సభ్యుడి పుస్తకమైనంత మాత్రాన అది నిషేధిత పుస్తకం కాదు. మావోయిస్టులకు సాయం చేశారన్న కేసులో డాక్టర్ బినాయక్ సేన్‌కు 2011లో బెయిల్ ఇస్తూ, ఇంట్లో గాంధీ ఆత్మకథ ఉన్నంత మాత్రాన ఎవరూ గాంధేయవాది అయిపోరు కదా అన్న అర్థంలో సుప్రీంకోర్టు మాట్లాడింది. మావోయిస్టు సాహిత్యంతో పట్టుబడిన కేరళ విద్యార్థుల కేసులో 2021లో కూడా, సాహిత్యం దగ్గరుండటం ఒక్కటే చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా) కింద నేరానికి సరిపోదని చెప్పింది. అయితే ఆ విద్యార్థులు నెలల తరబడి జైల్లో ఉన్నాకే ఆ మాట వచ్చింది, అది కూడా గుర్తుండాలి. లైబ్రరీ నంబర్, ముద్ర ఉన్న పుస్తకం, మీ కార్డు మీద తీసుకున్నదైతే ఆ ముద్రే మీకు సాక్ష్యం.

మా కులం మనోభావాలు దెబ్బతిన్నాయంటే పుస్తకం తీసేస్తారా?

అడిగే వాళ్లు ఎంత గట్టిగా అరిస్తే అంత త్వరగా కనిపించకుండా పోతుంది, అదీ అనుభవం. కోర్టుల మాట మాత్రం ఇంకోలా ఉంది. మన చెన్నారావుపేట మండలం పాపయ్యపేటలో పుట్టిన కంచ ఐలయ్య పుస్తకం మీద 2017లో పెద్ద గొడవ జరిగింది, దాడుల దాకా పోయింది. నిషేధించాలని వేసిన పిటిషన్‌ను అదే ఏడాది అక్టోబర్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అంతకు ముందు ఏడాది తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ నవల కేసులో మద్రాసు హైకోర్టు, నచ్చకపోతే పుస్తకం పక్కన పారేయండి, చదవమని ఎవరూ బలవంతం చేయడం లేదని తేల్చి చెప్పింది.

చినిగిపోయిన పుస్తకాలు రద్దు చేస్తామంటూ నచ్చనివి తీసేయొచ్చు కదా?

తీసేయొచ్చు, ఎవరికీ అనుమానం రాని దారి అదే. రద్దుకు జాబితా తయారు చేయాలి, పైనుంచి అనుమతి రావాలి, ఆ జాబితా ఫైల్‌లో ఉంటుంది. మంచిగా ఉన్న పుస్తకం అందులో కనిపిస్తే అక్కడే అడగాలి. ఒకసారి తూకానికి వెళ్లిపోయాక ఎవరూ ఏమీ చేయలేరు.

నిజాం కాలంలో కూడా లైబ్రరీల మీద ఇలాంటి ఒత్తిడి ఉండేదా?

ఇంతకంటే ఎక్కువే. హైదరాబాద్‌లో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం పెట్టినప్పుడు తెలుగు పుస్తకం ఒకచోట చేర్చడమే సాహసం. తర్వాతి రోజుల్లో సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 అనే నిజాం ప్రభుత్వ ఉత్తర్వు కింద ముందే అనుమతి కావాలి, గ్రంథాలయ సభల మీద కూడా నిఘా. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మాడు. అప్పటి వాళ్లు ప్రభుత్వం ఇస్తుందని చూడలేదు, చందాలు వేసుకున్నారు. అప్పుడు అనుమానం పుస్తకం చదివేవాడి మీద ఉండేది. ఇప్పుడు ఆ బెడద చాలావరకు తగ్గి, కొనే జాబితా మీద చెయ్యి పడింది.

## మీరు చేయగలిగినది

నాకు కావలసిన పుస్తకం అడిగితే తెప్పిస్తారా?

నోటితో అడిగితే "చూద్దాం సార్" అంటారు. సూచనల పుస్తకంలో రాయండి. పేరు, రచయిత, ప్రచురణ, ధర, మీ సభ్యత్వ నంబర్. నలుగురు స్నేహితులతో కూడా అదే రాయించండి. ఆ పుస్తకం బీరువాలో తాళం వేసి ఉంటే బయట పెట్టమనండి, అది కనిపించే చోట ఉండాల్సిన వస్తువు.

ఏ పుస్తకాలు ఎన్ని కాపీలు ఎంతకు కొన్నారో తెలుసుకోవచ్చా?

సమాచార హక్కు కింద అడగండి, పని చేస్తుంది. జిల్లా స్థాయి ఆఫీసుకు ఫీజు 10 రూపాయలు, తెల్లకార్డు ఉన్న వాళ్లకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే మొదటి అప్పీలు.

ఎలా అడగాలన్నదే అసలు కిటుకు. "రాజకీయ ఒత్తిడితో ఎందుకు కొన్నారు?" అని అడిగితే జవాబు రాదు, ఎందుకు అనే ప్రశ్నకు వాళ్లు సమాధానం చెప్పక్కర్లేదు. ఇలా రాయండి: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు కొన్న పుస్తకాల జాబితా, ఒక్కోదానికి కాపీల సంఖ్య, చెల్లించిన ధర, ఎంపిక కమిటీ సమావేశం మినిట్స్ నకలు, ఆ కాలంలో మున్సిపాలిటీ నుంచి జమైన గ్రంథాలయ పన్ను మొత్తం. నేనొకసారి అడిగితే ముప్పై తొమ్మిది పేజీలొచ్చాయి. రాత్రి కూర్చుని పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ పోతే నాలుగో పేజీలోనే ఒక పేరు ఆరుసార్లు తగిలింది.

లైబ్రేరియన్‌ను నిలదీయొచ్చా?

ఆ మనిషి చేతిలో ఏమీ లేదు. జీతం సమయానికి రాని వాళ్లే ఎక్కువ, ఒక్కొక్కరు రెండు మూడు లైబ్రరీలు చూస్తున్నారు. కోపం అక్కడ చూపించకండి. సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు అర్జీ పెట్టండి, దానికి రసీదు నంబర్ ఇస్తారు.

వేరే రాష్ట్రాల్లో మనకంటే మేలా?

కేరళలో 1989 చట్టం కింద గ్రంథాలయ మండలి ఉంది, దానికి సభ్యులను గ్రంథాలయాలే ఎన్నుకుంటాయి. అక్కడా పార్టీలు దూరాయి, అయినా ఎన్నికలో ఓడించొచ్చు, నామినేటెడ్ మనిషిని ఓడించలేం. మధ్యప్రదేశ్‌లో 2024లో ఉన్నత విద్యాశాఖ 88 పుస్తకాల జాబితా కాలేజీలకు పంపి కొనమంది, అందులో ఆరెస్సెస్ నాయకుల పుస్తకాలున్నాయని గొడవైంది. మన దగ్గర అంత బాహాటంగా జాబితా రాదు, పన్నెండు కాపీల కట్ట వస్తుంది.

ఇదంతా ఎందుకు, మనమే ఊళ్లో సొంతంగా లైబ్రరీ పెట్టుకుంటే?

పెట్టుకోండి. మేమూ పెట్టాం. పంచాయతీ ఆఫీసు పక్క గది సర్పంచ్ గారు ఇచ్చారు, ఇంటింటికీ తిరిగి నాలుగు వందల పుస్తకాలు పోగు చేశాం, ఒక టీచరమ్మ బెంచీలిచ్చారు. ఏడాదిన్నర మంచిగా నడిచింది. తర్వాత ఎన్నికలొచ్చాయి, సర్పంచ్ మారాడు, గది తాళం కొత్తాయన మనుషుల దగ్గరికి పోయింది. వాళ్లకు పుస్తకాలతో పేచీ లేదు, పాతాయన ఇచ్చిన గది అన్నదే పేచీ. మూడు నెలలు రోజూ అడిగి తిరిగాక ఒకరోజు తెరిచారు, అప్పటికి కింది వరుసకు చెదలు పట్టింది.

ఇప్పుడు పుస్తకాలు మా కిరాణా కొట్టు అన్న ఇంటి వరండాలో ఉన్నాయి. మీరు పెట్టేటట్టుంటే గది ఎవరిదో ముందు కాగితం మీద రాయించుకోండి, తాళంచెవులు మూడు చేయించండి, అందులో ఒకటి ఏ పార్టీలోనూ లేని మనిషి దగ్గర ఉంచండి. అలాంటి మనిషి కోసం మా ఊళ్లో కొంచెం తిరగాల్సి వచ్చింది.